రిలీవర్ లేని డ్యూటీ

ఆరేళ్ల కింద ఆడిన ఒక అబద్ధం ఇప్పటికీ నన్ను వదల్లేదు. మీరెవరో తెలియదు కాబట్టే చెబుతున్నాను. జాలి చూపకండి, నాకు ఒళ్లు మండుతుంది.

నాచారంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సుల డ్యూటీ చార్టు నేనే వేసేవాణ్ణి. పెద్ద చదువు లేదు. లెక్క సొంతంగా నేర్చుకున్నాను. ఆ గర్వంతోనే, భోజనానికో టీకో వెళ్లే నర్సు బదులు వార్డు చూసే రిలీవర్‌ను చార్టులోంచి తీసేశాను. మనిషి తగ్గినా పని నడుస్తుందని మేనేజర్‌కు చూపించాను. ఎవరిని తగ్గించావని ఆయన అడగలేదు.

ఆ తర్వాతే సరోజ సిస్టర్ టెర్రస్ మీద సిగరెట్ మొదలుపెట్టింది. వార్డులో కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. నీళ్ల ట్యాంకు వెనక దాక్కుంటే పిలవరు. ఆమెకు కావలసింది పొగా, కాసేపు ఎవరూ పిలవకపోవడమా? నాకు తెలుసు. తెలిసి కూడా, నర్సుల చేత సిగరెట్ మాన్పించమని మేనేజర్ అంటే టెర్రస్‌కు తాళం వేయించాను.

సరోజ నా గదికి వచ్చింది.

"అన్నా, తాళమేస్తే మానుతనా? పది నిమిషాలు నా జాగల ఒకల్ని నిలవెట్టు. కూసోని చాయ్ తాగొస్త. సిగరెట్ నేనే బంద్ జేస్త."

"నువ్వు పొగ తాగనీకి ఇంకో మనిషా సిస్టర్? అగ్గిపెట్టె గూడ నన్నే తెమ్మంటవా?"

"ఒక్కరోజు వార్డుల నిలవడి సూడు. నీ లెక్క ఏందో సమజైతది."

వారం తిరక్కుండానే మాసిన దుప్పట్ల గదిలో సిగరెట్‌తో దొరికింది. ఆమె జీతం మీదే తల్లీ తనూ మల్లాపూర్‌లో బతికేవాళ్లు. మా ఇద్దర్నీ పెద్ద డాక్టరమ్మ గదికి పిలిపిస్తే, రిలీవర్ లేక తాగానని సరోజ చెప్పుకుంది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"ఉంది మేడం, అందరికీ రిలీవర్ ఉంది" అన్నాను.

సరోజ నవ్వింది. "అన్న లెక్క తప్పుతదా మేడం?" అని ఐడీ కార్డు బల్ల మీద పడేసి వెళ్లిపోయింది.

ఎందుకన్నాను? నిజం చెబితే నా ఉద్యోగమేమీ పోయేది కాదు, నాలుగు తిట్లు పడేవి అంతే. కానీ నేను వేసిన లెక్క తప్పని ఆ గదిలో తేలడాన్ని ఓర్చుకోలేక, ఒక మనిషి పొట్ట కొట్టడమే తేలికనుకున్నాను.

మొన్న ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కనిపించింది. వేరే దవాఖానా యూనిఫాంలో, తోటి నర్సులతో, బల్ల మీద తీరిగ్గా కూర్చుని చాయ్ తాగుతోంది. పక్కనే సిగరెట్లమ్మే పాన్ డబ్బా. అటు చూడనే లేదు. నన్ను చూసింది. చూసి, రోడ్డు మీద ఉమ్మేసింది.

ఆ రోజు అనాల్సిన మాట ఇప్పుడు రాస్తున్నాను.

రిలీవర్ లేదు మేడం. తీసేసింది నేనే.