తాత బర్మారూ, నాయనమ్మ గుడ్డముక్కలూ

దీపావళి మరునాడు పొద్దున్నే అమీర్‌పేటలో మా బాల్కనీ తలుపు తీస్తే, కోచింగ్ సెంటర్ల బోర్డుల సందుల్లోంచి, మెట్రో స్తంభాల కింద ఇంకా ఊడవని టపాకాయల చెత్త మీదుగా, కాలిన మందు వాసన గుప్పుమని లోపలికి వస్తుంది. మా ఆయన ముక్కు మూసుకుని "ముందా తలుపెయ్" అని కేకేస్తాడు. నేను వెయ్యను. ఎందుకేస్తాను? కుళ్లిన కోడిగుడ్డులాంటి ఆ వాసన ఏడాదికి ఒక్కసారి నన్ను పంజాగుట్ట సందులో మా తాత దగ్గరికి తీసుకుపోతుంది.

తాత ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో జీపు డ్రైవరు. పల్లెలో వాళ్ల నాయన చేలమీద పడే అడవిపందుల కోసం పెట్టుకున్న తుపాకీ, లైసెన్సుతో సహా తాతకు వచ్చింది. గొట్టం మూతిలోంచే మందు పోసి, గుండు వేసి, పొడవాటి కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలపు రకం. దాన్ని బర్మార్ అనేవాడు. పంజాగుట్టలో పందులెక్కడివి, కాల్చడానికి? అందుకని బంజారా హిల్స్ రాళ్లగుట్టల వెనక, ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట, తుపాకులతో గురి కొట్టే మైదానం ఒకటుంటే ఆదివారం చర్చి అయ్యాక అక్కడికి పోయేవాడు. చాంద్‌మారీ అనేవాళ్లు దాన్ని. వెనకాల నీళ్లసీసా, గుడ్డముక్కల సంచీ మోసుకుంటూ నేను.

వానలు వెనకబట్టి, సీతాఫలాల బండ్లు రోడ్డెక్కి, గుట్టల మీది గడ్డి ఎండిపోతూ తియ్యటి వాసన వేసే రోజుల్లో ఆ మైదానం ఎంత బాగుండేదో! తాత బర్మార్ పేలిస్తే ముందు చెవులు గింగుర్లెత్తేవి, తర్వాత తెల్లటి పొగ లేచి మనిషే కనబడకుండా పోయేవాడు, పొగ విడిపోయాక చూస్తే అప్పటికే కడ్డీకి తడిగుడ్డ చుడుతూ ఉండేవాడు. ఒక్క దెబ్బకే గొట్టమంతా మసి పడుతుంది. తుడవకపోతే తర్వాతి గుండు సగంలో ఇరుక్కుంటుంది, లోపల నిప్పురవ్వ మిగిలితే పోసే మందు మొహం మీదే అంటుకుంటుంది. అందుకని ప్రతి దెబ్బకూ ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా. తడిపి అందించడం నా పని. పక్కవాళ్లు తమ కొత్త రైఫిళ్లతో టపటపా కాల్చేసి, చాయ్ తాగుతూ తాతను ఆటపట్టించేవాళ్లు.

"ఏం దావీదన్నా, పెండ్లికొడుకు స్నానం అయిందా?"

"ఫికర్ జెయ్యకు భాయ్, జర పౌడర్ సుత పూసి తీస్కొస్త" అనేవాడు తాత, చేతులు ఆపకుండా.

ఆ గుడ్డముక్కలన్నీ నాయనమ్మవి. శనివారం సాయంత్రం అరుగు మీద కాళ్లు చాపుకుని, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన ఇంటి చీరల్ని చర్రుచర్రున అరచేతంత ముక్కలుగా చింపేది. చింపుతున్నంతసేపూ గొణుగుడే. "దేవుని దినంల గీ పటాకులేందయ్యా నీకు?" అనేది. అయినా ఏ శనివారమూ చింపకుండా ఉండేది కాదు. చర్చి చీరలు మాత్రం వేరే. అవి తెల్లటివి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి, బీరువా పై అరలో పేర్చినవి. వాటిలో ఆమె నడుస్తుంటే మనిషికన్నా ముందు చీర చప్పుడు వచ్చేది.

ఒక ఏడాది మైదానం సెక్రటరీ తాతను పిలిచి, మీ తుపాకీ పొగతో, మీ ఆలస్యంతో మిగతావాళ్లు విసుక్కుంటున్నారని చెప్పాడు. ఏటా జరిగే పోటీలో అందరిలాగే ఇచ్చిన టైములో అన్ని దెబ్బలూ గురికాగితానికి తగిలిస్తే సరే, లేకపోతే ఇక దాన్ని తేవద్దన్నాడు. ఊళ్లో బర్మార్ పేల్చడానికి తాతకు ఇంకో చోటు లేదు. సంగతి విని నాకైతే ఏడుపొచ్చింది. పోటీ సరిగ్గా మా చర్చిలో కోతకాలపు పండుగ ఆదివారం పొద్దున్న పడింది. గుమ్మడికాయలూ, కోళ్లూ, నాయనమ్మ చేసిన గరిజెలూ దేవుడి ముందు పెట్టి వేలం వేసే రోజది. ఆ రోజు ఇంటి మగాడు చర్చిలో లేకపోవడమా!

"నీ బర్మార్‌కు నువ్వే చింపుకో పో" అని నాయనమ్మ శనివారం సాయంత్రం అరుగెక్కలేదు.

తాత నిజంగానే చింపుకున్నాడు. తెల్లవారి ఆమె స్నానానికి పోగానే బీరువా తెరిచి, చేతికందిన తెల్లచీరను చింపి సంచీలో కుక్కాడు.

మైదానంలో మొదటి దెబ్బ బాగానే పోయింది. రెండోదీ తగిలింది. తర్వాత తుడుస్తుంటే కడ్డీ సగంలో ఆగింది. పైకి రాదు, కిందికి పోదు. మందు ఇంకా పోయలేదు కాబట్టి ప్రమాదం లేదు గానీ టైము పోతోంది. తాత నుదుట చెమట. బలమంతా పెట్టి లాగితే కడ్డీ మూతి దాకా వచ్చింది, దాంతోపాటు నల్లటి జిగురు. సంచీలో ముక్కలన్నీ అంతే, నీళ్లు తగలగానే చేతులకు అతుక్కుంటున్నాయి. ఏం జరిగిందో మా ఇద్దరికీ అంతుపట్టలేదు.

అప్పుడు వినబడింది చీర చప్పుడు. చర్చి కాగానే ఆటో ఎక్కి, చంకలో బైబిలుతో, తన పండుగచీర ఏమైందో అడగడానికి నాయనమ్మ వచ్చేసింది. అడగక్కర్లేకపోయింది. తాత చేతిలో ముక్క చూసింది.

"గంజి చీర చింపినవా? బుద్ధుందా నీకు?"

"తెల్లగుంది, మంచిగుంటదనుకున్న" అన్నాడు తాత, బడిపిల్లాడి గొంతుతో.

ఆమె తిట్టడానికి నోరు తెరిచి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. నేరుగా చాయ్‌వాలా దగ్గరికి పోయి, "జర ఉడుకునీళ్లియ్యి కొడుకా" అని కెటిల్ పట్టుకొచ్చింది. గొట్టంలో పోస్తే వేడినీళ్లకు గంజి కరిగి, మసితో కలిసి బొటబొటా కారిపోయింది. ఇక తుడవాలి. మెత్తటి గుడ్డ లేదు. ఆమె కట్టుకున్నదీ గంజి చీరే. ఒక్క క్షణం నిలబడి, బైబిలుకు చుట్టిన గుడ్డ విప్పింది. అది చనిపోయిన వాళ్లమ్మ చీర ముక్క. దాన్ని మమ్మల్నెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. బైబిలు నా చేతుల్లో పెట్టి, గుడ్డను సగానికి చర్రున చింపి, ఒక సగాన్ని ముక్కలు చేసి తాతకిచ్చింది.

"ఇగ తుడువు. తొందరపడకు, నిమ్మలంగ తుడువు."

తాత నిమ్మళంగానే తుడిచాడు. సెక్రటరీ గడియారం చూస్తున్నా, ప్రతి దెబ్బకూ గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచాడు. ఆఖరి దెబ్బ పేలి, పొగ విడుతుంటే టైమైపోయిందన్న ఈల వినబడింది. గురికాగితం తెచ్చి చూస్తే చివరి గుండు కాగితం అంచును కొరుక్కుంటూ పోయింది. "అంచైనా తగిలినట్టే" అన్నాడు సెక్రటరీ, నాయనమ్మ వైపు కొంచెం భయంగా చూస్తూ. ఆటోలో ఇంటికొస్తూ తాత మసి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, ఆమె తెల్లచీరకు మరకయినా ఆమె లాక్కోలేదు.

ఆ తర్వాత చాలా శనివారాలు ఆ అరుగు మీద చర్రుచర్రు వినబడింది. నాయనమ్మ పోయాక తాత మైదానానికి పోవడం మానేశాడు. బర్మార్‌ను పోలీస్ స్టేషన్‌లో అప్పగించేస్తానన్నాడు. ఇచ్చేముందు ఆఖరిసారి తుడవాలని కూర్చుంటే ఇంట్లో ఒక్క మెత్తటి ముక్క లేదు. బైబిలుకు మిగిలిన సగం గుడ్డే విప్పి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చెంపకు ఆనించుకుని, మళ్లీ బైబిలుకే చుట్టాడు.

"గిది మీ నాయనమ్మది బిడ్డా" అని, లోపలికి పోయి తన చర్చి చొక్కా తెచ్చి చింపాడు.

ఇప్పుడా మైదానం లేదు, ఆ అరుగు లేదు, సందులో మా ఇంటి చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఈ నగరంలో అంత నిదానంగా ఒక పని చేసే మనిషిని మళ్లీ చూడలేదు. తలుపెయ్యమని మా ఆయన మళ్లీ కేకేస్తున్నాడు. నేను బైబిలు ఒళ్లో పెట్టుకుని, గుడ్డ విప్పి మళ్లీ చుడుతున్నాను. సగం గుడ్డే కాబట్టి ఎంత సర్దినా బైబిలు ఒక మూల బయటికే ఉంటుంది. దానికి ఇంకో గుడ్డ కుట్టమని ఎవరైనా అంటే మాత్రం నేనొప్పుకోను.