మడమలు ఆనని బండి

మా మేనత్త స్కూటర్ మీంచి పడింది వయసు వల్ల కాదు, సీటు ఎత్తు వల్ల. ఆ సీటు ఆమెకు ఎత్తవుతుందని బండి కొనకముందే నాకు తెలుసు. ఈ మాట చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. చర్చిలో లేచి నిలబడి, మైకు పట్టుకుని, ఇంకోరకంగా చెప్పాను.

అత్తయ్య మెట్టుగూడలో ఒక్కతే ఉండేది. పెళ్లి చేసుకోలేదు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. మా తాతగారు ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి సికింద్రాబాద్ వచ్చారు. అత్తయ్య ఇక్కడే పుట్టి పెరిగినా మాట మాత్రం ఇంట్లో విన్నట్టుగానే మాట్లాడేది. ఆమెకో పాత మోపెడ్ ఉండేది, పెడల్ తొక్కి స్టార్ట్ చేసే రకం. చర్చిలో స్త్రీల సమాజం తరఫున జబ్బుపడ్డ వాళ్లను పరామర్శించే పని ఆమెది. ఫలానావారికి బాగాలేదని తెలిస్తే మర్నాడు ఆ ఇంటిముందు మోపెడ్ ఆగేది. దూరాన ఉన్న కార్ఖానా ప్రాంతమైనా సరే, ఇంకా అవతలైనా సరే. ఆ చప్పుడు వినగానే రోగులు లేచి కూర్చునేవారు. వాళ్లలో సగంమంది చిన్నప్పుడు ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే.

చివరికి మోపెడ్‌కి సామాన్లు దొరకడం మానేశాయి. మెకానిక్ కూడా చేతులెత్తేశాడు.

"అమ్మా, ఇగ దీన్ని ఇడిసిపెట్టుండ్రి. సామాన్ యాడా దొర్కుతలేదు. మీకు తక్లీఫ్, నాకు సుత తక్లీఫ్."

గేర్లు లేని చిన్న స్కూటరొకటి కొనుక్కోవాలని అత్తయ్య నిర్ణయించుకుని నాకు కబురు పెట్టింది. బండ్ల గురించి నాకు తెలుసని మా ఇళ్లలో ఒక నమ్మకం ఉండేది. అప్పటికి నేను రెండు బండ్లు పాడుచేశాను. ఆ నమ్మకానికి అంతకుమించి ఆధారం లేదు.

తనకేం కావాలో ఆమెకు స్పష్టంగా తెలుసు. కూర్చుంటే రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి, మడమలతో సహా. బటన్ నొక్కితే స్టార్టవ్వాలి. బటన్ మొరాయించిన రోజుకు కిక్ కూడా ఉండాలి. స్టాండు వేయడానికి దారినపోయేవాణ్ని పిలిచే అవసరం రాకూడదు. కాళ్ల దగ్గర బైబిలు, పండ్లు ఉన్న సంచి పెట్టుకునే చోటుండాలి.

"ఎంత స్పీడు పోతుందో నాకు చెప్పొద్దు," అంది. "ఎంత నెమ్మదిగా పోనిచ్చినా ఆగిపోకుండా పోతుందో లేదో అది కనుక్కో."

నేను అదేమీ కనుక్కోలేదు. ముందు పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను.

మా సంఘంలో ఎవరు కొత్త బండి కొన్నా ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని చర్చి ముందు నిలబెడతారు. పాస్టరు గారు సీటు మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. ప్రార్థన కాని బండిని మావాళ్లు బయటికి తీయరు. పాస్టరు గారు ఆ సోమవారమే గోదావరి జిల్లాల్లో సువార్త కూటాలకు బయలుదేరుతున్నారు. తిరిగి రావడానికి నెల పైనే పడుతుందన్నారు. అందుకని ఆదివారమే ప్రార్థన పెట్టించేశాను. బంధువులను పిలిచాను. బిర్యానీ చెప్పేశాను. ఇక బండి ఒక్కటే కొనాలి.

శుక్రవారం ఇద్దరం కార్ఖానాలో ఒక షోరూముకు వెళ్లాం. అత్తయ్య అన్ని బండ్లనూ ఒకసారి చూసి, మూలన ఉన్న పొట్టి స్కూటర్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. పాదాలు నేలకు ఆనించింది. దిగి స్టాండు వేసింది, తీసింది, మళ్లీ వేసింది.

"ఇదే," అంది.

"మేడమ్, గిది డిస్‌ప్లే పీస్," అన్నాడు సేల్స్‌మన్. "బుక్ చేసిన్రనుకోండి, జెర టైం పడ్తది. నెల దాంక అనుకోండి. అదైతే రేపే ఇచ్చేస్త." అతను చూపించిన బండి ఇంకొంచెం పెద్దది. మెరుస్తోంది.

అత్తయ్య దానిమీదా కూర్చుంది. "వేళ్లే ఆనుతున్నాయిరా."

"కొత్తది కదత్తా. నాలుగు రోజులు నడిపితే సీటు స్పాంజి దిగుతుంది," అన్నాను.

సేల్స్‌మన్ నావైపు చూశాడు. "స్పాంజ్ దిగుతదా సార్?"

"దిగుతుంది."

అంత దిగదని నాకు తెలుసు. ఆ సమయంలో నా కళ్లముందు స్పాంజి లేదు, బిర్యానీ ఉంది.

"నెల ఆగితే ఏం పోతుందిరా?" అందామె.

"పాస్టరు గారు ఉండరత్తా. అందర్నీ పిలిచేశాను."

ఆమె కాసేపు ఆ పొట్టి బండిని చూసింది. "సరే, నువ్వు చెప్తున్నావు కాబట్టి," అని చేతిసంచి తెరిచింది.

ఆదివారం పాస్టరు గారు బండి నడిపే చేతులను, చూసే కళ్లను కాపాడమని చక్కగా ప్రార్థించారు. కాళ్ల ప్రస్తావన రాలేదు. బిర్యానీ బాగుందని అందరూ అన్నారు.

స్పాంజి దిగలేదు. అత్తయ్య మందం అట్టల చెప్పులు కొనుక్కుంది. ఆగాల్సిన ప్రతిచోటా ముందుగానే ఫుట్‌పాత్ అంచు వెతుక్కుని, దానిమీద ఎడమకాలు పెట్టడం నేర్చుకుంది. వానాకాలంలో ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆ అంచు దొరకలేదు. రోడ్డు ఎడమవైపుకు వాలుగా ఉంది. ఆమె కాలు దించింది గాని నేల అందలేదు. బండితో సహా పక్కకు ఒరిగింది. మణికట్టు ఎముక విరిగింది.

లేపడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "ఈ ఏజ్‌ల బండెందుకమ్మా మీకు?" అన్నాడట.

"నీ ఏజ్‌లో ఎవరూ పడరా నాయనా? ముందు బండి లేపు," అందట అత్తయ్య.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పే సమయం అది. అత్తయ్య చేతికి పిండికట్టుతో స్త్రీల వైపు మూడో వరుసలో కూర్చుని ఉంది. ఆ బండి ఎవరు చూసిపెట్టారని పొద్దుటి నుంచి ఇద్దరు ముగ్గురు అడిగారు. నాలుగోవాళ్లు అడక్కముందే నేను లేచాను.

"మా అత్తయ్యకు వయసైంది," అన్నాను. "బండి వద్దని ఇంట్లో అందరం చెప్పాం. వినలేదు. అయినా దేవుడు దయతో చేతితో సరిపెట్టాడు."

సంఘమంతా స్తోత్రం అంది. అత్తయ్య తలతిప్పి నన్ను చూసింది. లెక్క తప్పు చేసిన పిల్లాణ్ని చూసినట్టు కాదు, కాపీ కొట్టిన పిల్లాణ్ని చూసినట్టు చూసింది.

ఆ తర్వాత అన్నీ నా సాక్ష్యం ప్రకారమే నడిచాయి. బంధువులు బండి నాకిప్పించేశారు. నా కాళ్లు బాగానే ఆనేవి, మైలేజీ కూడా బాగుండేది. పరామర్శల పని ఇంకొకావిడకు అప్పగించారు. ఆవిడ ఫోన్‌లో పరామర్శించేది. వృద్ధుల కోసం చేసే ప్రార్థనలో అత్తయ్య పేరు కలిసింది. అంతకుముందు ఆమె వెళ్లి చూసొచ్చినవాళ్లు పండ్లు పట్టుకుని ఆమెనే చూడటానికి రావడం మొదలుపెట్టారు. ఆమె ఆటోలో వెళ్దామని చూసింది. కార్ఖానా అనగానే ఆటోవాళ్లు ఆమెకే లెక్కలు చెప్పేవారు. నెమ్మదిగా చర్చికి, ఇంటికి పరిమితమైంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనే ఆమె ఇంటికి వెళ్లడం తగ్గించాను.

కొన్నేళ్లు అలా గడిచాక ఒక శనివారం సాయంత్రం అత్తయ్య మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన టీ చేతిలో పట్టుకుని, తాను బండి కొన్నానని చెప్పింది. ఒక్కతే షోరూముకు వెళ్లి, పొట్టి బండి మీద కూర్చుని చూసి, డబ్బు కట్టి, అది వచ్చేదాకా ఆగిందట. బండి వచ్చేసింది. ఇప్పుడు పాస్టరు గారు ప్రార్థన చేయనంటున్నారట.

"ఎందుకని?"

"మీవాళ్లే వద్దన్నారు కదమ్మా, రేపేమన్నా అయితే సంఘం నన్నడుగుతుంది అన్నారు." టీ ఒక గుక్క తాగింది. "ఒరేయ్, నువ్వు నాతో బండి వద్దని ఎప్పుడన్నావురా?"

"అనలేదత్తా."

"ఏమన్నావు?"

"స్పాంజి దిగుతుందన్నాను."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. "ఏం స్పాంజి?" అంది.

"ఆగవే అమ్మాయ్, చెప్తాడు," అంది అత్తయ్య. "దిగదని నీకు తెలుసా అప్పుడు?"

"తెలుసు."

"నాకూ అనుమానమే. మేనల్లుడివి కదా అని కూర్చున్నా."

చెప్పాల్సిందంతా అప్పుడు మా ఆవిడ ముందే చెప్పాను. క్షమించమని కూడా అన్నాను. అత్తయ్య గ్లాసు కింద పెట్టింది.

"ఇదంతా నాకు చెప్తావేం? పడింది నేనేగా, నాకు తెలీదా? తెలియనివాళ్లు రెండొందల మంది ఉన్నారు. రేపు పొద్దున అందరూ ఒకేచోట దొరుకుతారు."

మర్నాడు నేను చెయ్యెత్తగానే పాస్టరు గారు సంతోషంగా మైకు పంపించారు. నేను సాక్ష్యం చెప్పి చాలాకాలమైంది.

"అందరికీ వందనాలు," అన్నాను. "మా అత్తయ్య బండి మీంచి పడినప్పుడు నేనిక్కడ ఒక సాక్ష్యం చెప్పాను. అది అబద్ధం."

వెనక ఎవరో అలవాటు కొద్దీ స్తోత్రం అని, సగంలో ఆపుకున్నారు.

"ఆమె వయసు వల్ల పడలేదు. కాళ్లు అందని బండిని నేనే తెలిసి కొనిపించాను. అందేది కావాలని ఆమె అడిగింది. ప్రార్థన పెట్టించేశాను, భోజనాలు చెప్పేశాను అని నేను ఆగనివ్వలేదు. బండి వద్దని ఇంట్లో ఎవరమూ అనలేదు."

పాస్టరు గారు కుర్చీలో ముందుకు జరిగారు. నేను స్త్రీల వైపు తిరిగాను. ఆమె మామూలుగా కూర్చునే మూడో వరుసలోనే ఉంది.

"అత్తా, తప్పు నాది. నా పరువు కోసం నీకు వయసైపోయిందని అందరి ముందూ చెప్పాను. నీ తిరుగుడంతా ఆగిపోయినా నోరు విప్పలేదు. నన్ను క్షమించు."