మళ్లీ రెట్టింపు చేయకూడని లెక్క

ఒక్క మార్కు తక్కువైంది. ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగానికి ఎంపికైనవాళ్ల జాబితా ఎక్కడ ముగిసిందో, సరిగ్గా దాని కింద నా నంబరు ఉంది. అప్పటికి పద్నాలుగేళ్లుగా పుదుచ్చేరిలోని ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అటెండరుగా పనిచేస్తున్నాను. చెడిపోయిన మెషీన్లు విప్పడం, మెమరీ స్టిక్కులు మార్చడం, దుమ్ము దులపడం, బోర్డులు తుడవడం నా పని. పైమెట్టు ఎక్కాలంటే ఈ డిపార్ట్‌మెంట్ పరీక్ష ఒక్కటే దారి. మరుసటి ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది. నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

ఉప్పళంలో మా ఇంటికి వచ్చి, డిపార్ట్‌మెంట్‌వాళ్లు విడుదల చేసిన జవాబుల కీ ముందేసుకుని ఒక్కొక్క జవాబూ సరిచూసుకున్నాను. తప్పు రాసినవి తప్పని ఒప్పుకున్నాను. కంప్యూటర్ మెమరీ వేగం మీద అడిగిన ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను. డీడీఆర్4-3200 మెమరీ, అరవై నాలుగు బిట్ల దారి, సెకనుకు గరిష్ఠంగా ఎంత డేటా అందిస్తుంది అని ప్రశ్న. నేను 25.6 గిగాబైట్లు అని పెట్టాను. కీలో 51.2 అని ఉంది.

"ఏందిమే, విడిచిపెట్టు. గవర్నమెంటోళ్లతో ఎవురు వాదిస్తారు?" అన్నాడు మా ఆయన.

"నేను మాత్రం ఎవుర్ని? నేనూ గవర్నమెంటే కదా" అన్నాను.

నాకు రాక మార్కు పోయుంటే నోరు మూసుకునేదాన్ని. వాళ్లకు రాక నా మార్కు పోవడమేమిటి? ఆ పూటే అభ్యంతరం రాసి ఇచ్చాను.

వారం తర్వాత మా కాలేజీ క్లాసుగదిలోనే ముగ్గురు అధికారులు కూర్చుని అభ్యంతరాలు విన్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన ఆ ప్రశ్నపత్రం తయారుచేసిన మనిషి. యానాం నుంచి బదిలీ మీద వచ్చాడు. నా తమిళంలో తెలుగు యాస పట్టేసి, "తెలుగులోనే చెప్పమ్మా, పర్లేదు" అన్నాడు.

జేబురుమాల్లో చుట్టి తెచ్చిన మెమరీ స్టిక్కు తీసి ఆయన ముందు పెట్టాను. దాని మీద స్టిక్కరులో 3200 అనీ, ఆ పక్కనే 25600 అనీ అచ్చేసి ఉంది. అది సెకనుకు మెగాబైట్ల లెక్క.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "ఇది కంపెనీవాళ్లు రాసుకున్న మాటండి. లెక్క కావాలి. డీడీఆర్ అంటే మెమరీని నడిపే గడియారం ఒక్కసారి కొట్టుకుంటే డేటా రెండుసార్లు వెళ్తుంది. అందుకే రెట్టింపు చేయాలి. నేను చదువుకున్న పుస్తకంలో అలాగే ఉంది."

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసిపోయింది. ఆయన నేర్చుకున్న లెక్కలో మొదట ఇచ్చేది గడియారం వేగం, దాన్ని రెండుతో గుణించాలి. ఇప్పటి స్టిక్కు పేరులో ఉన్న అంకె అప్పటికే గుణించి పెట్టినది. ఆయన అలవాటు కొద్దీ ఇంకోసారి గుణించేశాడు.

"సార్, మా అవ్వ మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం తాడు ఇట్లా ఒకసారి, అట్లా ఒకసారి లాగతా ఉండె" అన్నాను. "ఇటూ అటూ కలిస్తే ఒక చుట్టు. రెండు లాగుళ్లూ మజ్జిగని చిలికేవే. గడియారం పదారు వందల చుట్లు తిరిగితే, లాగుళ్లు ముప్పై రెండు వందలు. అన్నీ మిలియన్ల లెక్క. మీరు ప్రశ్నలో ఇచ్చింది లాగుళ్లు సార్, చుట్లు కాదు. దాన్ని మళ్లా రెట్టింపు చేస్తే అంత మజ్జిగ యాడ నుంచి వస్తాది?"

పక్కనున్న ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "సరే, ఒక్కో లాగుడుకి ఎంత వెళ్తుంది?" అని అడిగాడు.

"అరవై నాలుగు బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు, అంటే ఎనిమిది బైట్లు." ముప్పై రెండెనిమిదులు గొణుక్కుంటూ తమిళంలోకి వెళ్లిపోయాను. మా ఇళ్లలో మాటలు తెలుగు, ఎక్కాలు తమిళం. "ఇరునూత్తి అంబత్తారు" అని పైకే అనేశాను. రెండు వందల యాభై ఆరు. ఆ పక్కన సున్నాలు రెండు పెడితే ఇరవై ఐదు వేల ఆరు వందల మెగాబైట్లు. అదే 25.6 గిగాబైట్లు.

ఆయన కాగితం తీసుకుని తనే మొదటినుంచీ వేసుకున్నాడు. రెండోసారి కూడా వేశాడు. చివరికి కీ తీసి, 51.2ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన 25.6 రాసి సంతకం పెట్టాడు.

"తప్పు నాదేనండి" అన్నాడు. "మీ మార్కు మీకు వస్తుంది. జాబితా మారుతుంది."

గట్టిగా అరవాలనిపించింది. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"బయట ఇదే ప్రశ్న మీద ఇంకా నలుగురు కూర్చున్నారు. ఈ లెక్క బోర్డు మీద రాసిపెట్టండి, వాళ్లకీ చూపిస్తాను" అన్నాడాయన.

చాక్‌పీసు తీసుకున్నాను. చివరి బెంచీకి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో రాశాను. 3200 గుణకారం 8. కింద గీత. గీత కింద 25,600. ఆ గదిలో బోర్డును పద్నాలుగేళ్లలో ఎన్నివేలసార్లు తుడిచానో లెక్కలేదు. దాని మీద రాయడం అదే మొదటిసారి. చేతులు దులుపుకుని, డస్టరు వైపు చూడకుండా బయటికి నడిచాను.