ఎర్రతల డేగల జంట

రెండువేల సంవత్సరం ప్రాంతంలో గుమ్మఘట్ట దగ్గర మా బస్సు పంక్చరై ఆగింది. ఎండిన శనగచేను మీద ఎర్రతల చిన్న డేగ ఒకటి కనిపిస్తే, "ఒంటరి వేట" అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. నాతోపాటు బస్సు దిగిన గొర్రెల కాపరి అది చూసి నవ్వాడు.

"ఏమప్పా, ఒకదాన్నే చూస్తాండావా? అది పిట్టను తరుముతాది. దాని జత ఆడ తుమ్మచెట్టులో ఉండాది, అడ్డమొచ్చి పడతాది."

చూస్తుండగానే అట్లాగే జరిగింది.

"యాడన్నా రాస్తే, గొర్రెలు కాసేటోడు చూపించినాడని రాయప్పా."

సరేనన్నాను. పక్షుల పత్రికకు రాసిన చిత్తుప్రతిలో ఆయన మాట ఉంది. కాపరి చెబితే ఎవరు నమ్ముతారని కొట్టేసి, "నేను గమనించాను" అని మార్చాను. ఆ వ్యాసాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటారు. గమనించింది ఆయన. పేరైనా నేను అడగలేదు.