కత్తెర పడిన పాలపిట్ట

ఈ పొద్దున యాప్రాల్‌లో మా డాబా ఎదుటి కరెంటు తీగ మీద పాలపిట్ట వాలింది. చలి మొదలైతే రాళ్ల బీడు వైపు నుంచి వస్తుంది. కూర్చుంటే మట్టి రంగు, ఎగిరితేనే నీలం. టీ చల్లారుతున్నా అది రెక్క విప్పేదాకా నిలబడ్డాను. ఎందుకో చెప్పాలంటే నా తప్పు నేనే చెప్పుకోవాలి.

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదంటారు. మా ఆయన మోకాళ్లు పాడై దాన్ని చూడటానికి మైదానం దాకా నడవలేకపోయాక, ఏటా పిట్టలు పట్టేవాణ్ణి ఇంటికే పిలిపించేదాన్ని. పంజరం తలుపు తీయించి కళ్లు మూసుకుని దండం పెట్టేదాన్ని. తెరిచేసరికి పిట్ట ఉండేది కాదు. ఎగిరిపోయిందనుకుని పూరీలు చేసుకోవడానికి లోపలికి పోయేదాన్ని.

ఒక దసరాకు కళ్లు తెరిస్తే పిట్ట జామచెట్టు మొదట్లోనే ఉంది. గెంతుతోంది గానీ లేవడం లేదు. గోడ మీద పిల్లి కాచుకుని ఉంది. “జెర బెదిరింది పెద్దమ్మా, నేను పట్టుకపోతా” అని వాడు చేయి చాచాడు. అంతలో పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం చెల్లె గోడ మీదుగా కేక వేసింది.

“ఆగు! అక్కా, ఆ రెక్క చూడు. ఈకలు ఊడలే, కత్తెర పెట్టిన్రు. గింత సాఫ్ కోత నాకు తెల్వదా?”

“పోయినేడువి సుత గిట్లనేనా?” అని వాణ్ణి అడిగాను. వాడు ఖాళీ పంజరం ఎత్తుకుని పోయాడు. ఏటా గోడ అవతల పడ్డ పిట్టను ఏరుకుని ఇంకో ఇంటికి పట్టుకుపోయేవాడని అప్పుడు అర్థమైంది.

ఆ చలికాలమంతా ఈ ఒక్క పిట్ట బతకాలనే మా పట్టుదల. చెల్లె, నేను పొద్దున్నే బీడులో మిడతలు పట్టేవాళ్లం. మా ఆయన కట్టె పట్టుకుని, పిట్టను ఉంచిన జామచెట్టు కింద కుర్చీలో, పిల్లి రాకుండా కాపలా. “మొక్కినదానివి నువ్వు, కావలి నాకా?” అని గొణిగేవాడు, కుర్చీ మాత్రం వదిలేవాడు కాదు. పిట్ట మిడతను కొమ్మకేసి బాది గానీ మింగదు. ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని, అదంతా వంకర గీతలతో నోటుబుక్కులో రాసుకున్నాను. రాలిన మొండి ఈకలను సుతా అందులోనే దాచాను. ఒకటి రాలిన చోట కొత్తది మొలవడానికి ఎన్నాళ్లు పడుతుందో చూడాలని ఆశ.

శివరాత్రి దగ్గరపడ్డ ఒక పొద్దున మా ఆయన కేకేశాడు, “ఏమే, ఉరికిరా!” పిట్ట కొమ్మ మీంచి పిట్టగోడకు, అక్కణ్ణుంచి తీగకు పోయింది. తర్వాత రెక్కలు పూర్తిగా విప్పింది. అంత నీలం నేనెన్నడూ చూడలేదు. చేతులు అలవాటుగా జోడించబోయి దించేశాను, బీడు మీద చుక్కంత అయ్యేదాకా చూశాను.

ఇవాళ తీగ మీద వాలింది అదేనో కాదో నాకు తెలియదు. ఇన్ని దసరాలు కళ్లు మూసుకునే గడిపాను. చూడటం నేర్చుకున్నది ఆ ఒక్క చలికాలంలోనే.