ఎడమ పక్క నుంచి వచ్చిన పిలుపు

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. మా ఆయన పోయిన మూడో రోజే ఆయన మంచం మీద ఒక్కదాన్నే పడుకున్నాను. ఏ భయమూ వేయలేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా అమ్మాయి రాస్తోంది. ఒక్క ముక్క కూడా కలపొద్దని దానికి చెప్పాను.

పత్తికొండ టమోటా మార్కెట్లో నాది కాయలు ఏరే పని. పండు ఒక గంపకు, దోరకాయ ఒక గంపకు, పగిలింది అవతలికి. పొద్దున వేలంపాట మొదలైతే అక్కడ పక్క మనిషి మాట కూడా వినపడదు.

నాకు ఎడమ చెవి బొత్తిగా లేదు. పదేళ్ల కిందట జ్వరంతో పోయింది. కర్నూలులో డాక్టరమ్మ చెప్పింది: శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి రవ్వంత వెనక చేరుతుందట. ఆ తేడా చూసుకునే అది ఎటునుంచి వచ్చిందో మెదడు కనిపెడుతుందట. గోలలో కావలసిన గొంతును ఏరుకోవడానికీ రెండు చెవులూ ఉండాలట, నేను మంచి కాయ ఏరినట్టు. అందుకే ఎవరు ఎక్కడ నుంచి పిలిచినా నాకు కుడివైపునే వినిపిస్తుంది. అటే తిరిగి అటే నడుస్తాను. మార్కెట్లో అందరికీ అదొక నవ్వులాట.

మా ఆయన అక్కడే హమాలీ. మునుపు సేద్యంలో ఎద్దులను పిలిచినట్టే, నాలుక అంగిలికి కొట్టి టక్, టక్ అని నన్ను పిలిచేవాడు. ఎంత గోలలోనైనా అది నాకు తెలిసిపోయేది. ఎప్పుడూ నా కుడి పక్కకు వచ్చి నిలబడే పిలిచేవాడు.

"ఏమప్పా, పెండ్లాన్నా ఎద్దునా నువ్వు పిలుస్తాండేది?" అని నాతో కాయలు ఏరే ఖాసింబీ ఎగతాళి చేసేది.

"ఎద్దయితే ఒక్క పిలుపుకే వస్తాది లేక్కా," అనేవాడు.

ఆయన గుండె ఆగి పోయాడు. ఏడాది దాటాక ఒక పొద్దున, వేలంపాట మధ్యలో, నిండు గంప నెత్తిన పెట్టుకొని లేచాను. నెత్తిన గంప ఉంటే తల తిప్పలేం. ఎవరో కేకలేశారు. నన్నే పిలుస్తున్నారనుకొని అలవాటుగా కుడివైపు అడుగు వేయబోయాను.

అప్పుడే టక్, టక్. ఎడమ పక్కన. మూరెడు దూరంలో. పదేళ్లలో ఆ పక్క నుంచి నాకు ఏ శబ్దమూ తెలిసింది లేదు. ఒళ్లు తనంతట తానే అటు తిరిగింది. రెండు అడుగులు వేశాను. గంప కుడివైపు జారిపడింది. వెనక్కి వస్తున్న లారీ చక్రం దాని మీదుగా పోయింది. నా కొంగంతా టమోటా రసం చిమ్మింది.

ఎడమ పక్కన ఎవరూ లేరు. ఖాళీ గంపలు, వాటి వెనక గోడ.

మళ్లీ కర్నూలు వెళ్లి చూపించుకున్నాను. యంత్రం పెట్టి చూసి, ఆ చెవి అలాగే ఉంది, ఏమీ వినపడదు అన్నారు. పాత శబ్దాలను మెదడే ఒక్కోసారి వినిపిస్తుందని డాక్టరమ్మ అంది. కాదనను. కానీ ఎడమ పక్కనే ఎందుకని అడిగితే, ఆ చెవిలో ఇంకోసారి లైటు వేసి చూసింది.

ఖాసింబీతో అన్నాను, "ఆయన అయ్యుండడులే. నా చెవిటి పక్క యా పొద్దూ నిలబడిన మనిషి కాదు."

ఆమె కాయలు ఏరుతూనే ఉంది. "కుడిపక్క లారీ ఉండె గదే. నిన్ను అటు పిలుస్తాడా?" అంది.

ఆ మాట నమ్మానని చెప్పను. అదే చోట కూర్చుంటున్నాను, అదే పని చేస్తున్నాను. ఎడమ పక్కన మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు వదిలి గంపలు పెడతాను. ఎందుకో నాకే తెలియదు. ఆ పక్క నుంచి మళ్లీ ఏమీ వినపడలేదు.