ఆరు గంటల కలకత్తా

అరవై ఏళ్ళు నిండాక అక్షరాలు నేర్చుకున్నాను. పటంలో మొదట వెతికి చదివిన ఊరు కలకత్తా. మద్రాసు నుంచి అక్కడికి నా జానెడు కూడా లేదు.

పంతొమ్మిది వందల యాభైలలో, నా పెళ్ళయిన కొత్తలో, మా ఆయన ఆ ఊళ్ళో విమానాలకు సరుకులు ఎక్కించే పని చేసేవాడు. ఏడాదికి పదిహేను రోజులు సెలవు. ఆలూరు దగ్గరి మా పల్లెకు రావడానికి మూడు రోజులు, తిరిగి పోవడానికి మూడు రోజులు రైళ్ళే మింగేవి. మిగిలిన తొమ్మిదిలో పగళ్ళు చేనివి, సాయంత్రాలు రచ్చకట్టవి. పెద్దవాళ్ళ ముందు మేము మాట్లాడుకోకూడదు. ఆయన గొంతు నేను ఎక్కువగా గోడ ఇవతల నుంచే విన్నాను.

ఆ ఏడు వస్తూనే వాళ్ళమ్మతో అన్నాడు: "మద్రాసులో మా దొర ఉండాడు. సరుకుల ఇమానంలో చోటుంటే కార్డు రాస్తానన్నాడు. పొద్దున ఎక్కితే ఆరు గంటల్లో కలకత్తాలో ఉంటా మా. రెండు దినాలు ఎక్కువ ఉండొచ్చు."

ఆ రెండు రోజులూ నావే అనుకున్నాను. ఎందుకనుకున్నానో తెలియదు.

కార్డు రాలేదు. రైలుకు బయల్దేరాల్సిన రోజు రానే వచ్చింది. నేను దారికి జొన్నరొట్టెలు కాలుస్తుంటే మా అత్త ఎగతాళి చేసింది. "ఇమానంలో పొయ్యేటోనికి ఇన్ని రొట్టెలెందుకే? పైన కాకులకేస్తాడా?"

గుంతకల్లుకు రోజుకొక్కటే బస్సు, పది గంటలకు. టపా మధ్యాహ్నానికి గానీ రాదు. ఆయన పెట్టె ఎత్తుకుంటుంటే అత్త ఎదుటే నోరు జారాను. "టపా వచ్చేదాకా ఉండరాదా?"

ఆయన నావైపు చూసి పెట్టె కింద పెట్టాడు. బస్సు పోయింది. మధ్యాహ్నం టపా మనిషి మా ఇంటి ముందు ఆగకుండానే, "మీకేం లేదప్పా" అని సాగిపోయాడు.

ఇక గుంతకల్లుకు నడకే. పదిహేను మైళ్ళు. రాత్రి రైలు తప్పితే పని పోతుంది.

"వాణ్ణి నిలేసింది నువ్వే గదా" అంది అత్త. "సద్దిమూట నువ్వే మొయ్యి. మీ అమ్మోళ్ళ ఊరిదాకా పోయి ఆడనే పండుకోని, తెల్లారి రా." మా పుట్టినూరు ఆ దారికి సగంలో ఉంది.

ఊరు దాటేదాకా నేను పది అడుగులు వెనక నడిచాను. తర్వాత పక్కకు వచ్చాను. నల్లరేగడి చేలు, కాల్చే ఎండ, మనిషి జాడ లేదు. ఆయన ట్రాముల గురించి, అక్కడి వానల గురించి చెప్పాడు. నేను ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాను.

"పైనుంచి మన చేలు కనపడ్తాయా?" అని అడిగాను.

"ఎక్కింటే గదా తెలిసేది" అని నవ్వాడు. "మూటలెక్కిచ్చేది నేను. అవి పోతాయి, నేను ఆడనే నిలబడుకోని చూస్తాంటా."

మా అమ్మ వాళ్ళ ఊరు వచ్చింది. బావి దగ్గర ఎవరో నన్ను గుర్తుపట్టి పిలిచారు. నేను ఆగలేదు.

"మీ ఊరు దాటిపోతాండావే" అన్నాడు.

"తెలుసు" అని, మూట ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాను.